పనుల నడుమ నవల



"నాకూ ఒక నవల రాయాలని ఉందండీ. రిటైరయ్యాక కూర్చుని రాస్తాను." ఈ మాట మనం తరచు వింటూనే ఉంటాం. బ్యాంకు ఉద్యోగులు అంటారు, బడిపంతుళ్ళు అంటారు. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక చూద్దామని గృహిణులు అంటారు. వీళ్ళ దగ్గర కథలకు కొదవ లేదు. ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊరు ఒకరి దగ్గర ఉంటుంది. మగ్గం మూలపడ్డ ఇల్లు ఇంకొకరి దగ్గర ఉంటుంది. దుబాయి వెళ్ళిన కొడుకు కోసం ఎదురుచూసిన తల్లి మరొకరి దగ్గర ఉంటుంది. ఏళ్ళు గడుస్తాయి. తీరిక వచ్చేసరికి ఆ ఊరి సంగతులు చెప్పగల అమ్మమ్మ ఉండదు. మగ్గం గుంట దగ్గర వినబడిన మాటలు చెవిలో ఉండవు. గంటసేపు కూర్చోవడానికి నడుం సహకరించదు.

ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్నది ఒక్క సంగతి. నవల రాయడానికి ఖాళీ రోజులు అక్కర్లేదు. రాసే మనిషికీ కథకూ మధ్య సంబంధం తెగకుండా ఉంటే చాలు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అప్పులు, ఆరోగ్యం, వీటన్నిటి నడుమ ఆ సంబంధాన్ని నిలుపుకోవచ్చు. మన తెలుగు నవల చాలావరకు అలాగే పుట్టింది.

మీరు వింటున్న ఈ రేడియోనే తీసుకోండి. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి. 'అసమర్థుని జీవయాత్ర' రాసిన గోపీచంద్ కూడా కొంతకాలం ఆకాశవాణిలో పనిచేశారు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పిల్లల కోసం 'చందమామ'ను తీర్చిదిద్దుతూనే పెద్దల కోసం నవలలు, కథలు, వ్యాసాలు రాశారు. 'చిల్లర దేవుళ్ళు' రాసిన దాశరథి రంగాచార్య సికింద్రాబాదు పురపాలక సంస్థలో ఉద్యోగం చేశారు. 'మట్టిమనిషి' రాసిన వాసిరెడ్డి సీతాదేవి హైదరాబాదు జవహర్ బాలభవన్ బాధ్యతలు చూశారు. వీళ్ళలో ఎవరూ నవల కోసం జీవనాన్ని పక్కన పెట్టి కూర్చున్నవారు కారు.

తీరిక దొరికి రాసిన గొప్ప నవల మనకు లేకపోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని జైల్లో రాశారు. అలాంటి తీరికను ఎవరూ కోరి తెచ్చుకోరు. పైగా ఆ నవలకు బలం ఇచ్చింది జైలు గోడల మధ్య దొరికిన సమయం కన్నా ముందు, బయట పల్లెల్లో, ఉద్యమంలో ఆయన గడిపిన జీవితం. అది లేకపోతే ఎన్ని నెలలు కూర్చోబెట్టినా 'మాలపల్లి' వచ్చేది కాదు.

ఇక్కడ ఇద్దరి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. విశాఖపట్నంలో వకీలు. వకీలు వృత్తి మనిషి పగటినంతా తినేస్తుంది. వాయిదాలు, కక్షిదారులు, సాక్షులు, కాగితాలు. శాస్త్రిగారు ఆ పనిలోనే తన సాహిత్యాన్ని చూశారు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో కోర్టుకెక్కే పేదలు, వాళ్ళను పట్టుకొచ్చే పోలీసులు, వెనక ఉండి డబ్బు చేసుకునే పెద్దమనుషులు, వీళ్ళంతా ఆయన 'ఆరు సారా కథలు'లో నడుస్తారు, మాట్లాడతారు. 'అల్పజీవి'లోని సుబ్బయ్య భయం, 'రాజు-మహిషి'లోని మనుషుల తీరు ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే ఊహకు అందేవి కావు. వాదించడానికి విన్న చెవే రాయడానికీ విన్నది. ఉద్యోగం మన సమయాన్ని తీసుకుంటుంది, నిజమే. బదులుగా మనుషుల్ని ఇస్తుంది. నవలకు మనుషులకు మించిన పెట్టుబడి ఏముంది?

రెండోవారు డాక్టర్ కేశవరెడ్డి. చిత్తూరు జిల్లా మనిషి. ఉద్యోగం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని కుష్ఠు ఆసుపత్రిలో. వైద్యం చేసింది తెలంగాణలో, రాసింది వందల మైళ్ళ దూరాన ఉన్న తన సొంత సీమ గురించి. 'అతడు అడవిని జయించాడు' చూడండి. పందులు మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి అడవిలోకి వెళ్ళిన పంది కోసం వెతుకుతూ పోవడం, ఒక్క రాత్రి. కథంతా అంతే. చిన్న పుస్తకం. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్ళింది. రోగుల నడుమ బతికిన వైద్యుడికి మనిషి దేహం ఎంత బాధ ఓర్చగలదో, ఓర్చుకుంటూనే ఎంత మొండిగా నిలబడగలదో తెలుసు. ఆ ముసలివాడి పట్టుదలలో అది కనిపిస్తుంది.

మరి వీళ్ళకు సాధ్యమైంది మనకు ఎందుకు కష్టమవుతుంది? సమయం చాలకపోవడం అసలు కారణం అనుకుంటాం. నా అనుభవంలో అసలు కారణం వేరు. కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, ఇల్లు చూసుకుంటూ నవలలు రాసినవాడిగా చెబుతున్నాను. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని రాస్తాం. తర్వాత ఆరు రోజులు అటు చూడం. మళ్ళీ ఆదివారం కూర్చునేసరికి పాత్రలు మనల్ని గుర్తుపట్టవు. ఆ అత్తగారు కోడలితో ఎంత గొంతుతో మాట్లాడుతోందో, ఆ కుర్రాడు వీధి చివర ఎందుకు ఆగాడో గుర్తురాదు. మొదటి రెండు గంటలూ రాసింది చదువుకోవడానికే సరిపోతాయి. అందులో తప్పులు కనిపిస్తాయి, మనసు విరుగుతుంది. ఇలా నాలుగు ఆదివారాలు గడిస్తే నవల అటకెక్కుతుంది. పోయింది సమయం కాదు, సంబంధం.

వెనకటి ఇళ్ళలో రాత్రి వంటయ్యాక పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి ఉంచేవారు. తెల్లారి ఆ బూడిద తొలగించి ఊదితే మంట రాజుకునేది. రోజూ అరగంట నవల దగ్గర కూర్చోవడం అలాంటిది. ఆ అరగంటలో ఎక్కువ రాయకపోవచ్చు. మిగతా ఇరవై మూడున్నర గంటలూ కథ లోపల వెచ్చగా ఉంటుంది. బస్సులో నిలబడి ఉన్నప్పుడు, రేషన్ కొట్టు వరసలో ఉన్నప్పుడు, పక్కవాళ్ళ మాటల్లోంచి మన పాత్రకు కావలసిన మాట వచ్చి పడుతుంది. కథ లోపల లేనివాడికి అదే మాట వినబడినా పట్టుబడదు.

అరగంటలో ఏం రాస్తామని అడుగుతారు. లెక్క వేద్దాం. 300 పదాలు అనుకోండి. నోటుపుస్తకంలో సుమారు రెండు పేజీలు. 200 రోజులు అలా రాస్తే 60,000 పదాలు. అది మంచి నిడివిగల నవల. అంత కుదరదు, 150 పదాలే, అదీ వారానికి ఐదు రోజులే అంటారా? ఏడాదికి 39,000 పదాలు. చిన్న నవలకు అది చాలు. మొదటి రాత పూర్తయిందంటే దిద్దుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టే.

ఈ లెక్కను జీవితాంతం పాటించిన మనిషి ఒకరున్నారు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథనీ ట్రాలప్. తపాలా శాఖలో పెద్ద ఉద్యోగి. బ్రిటన్ వీధుల్లో నిలబడే పోస్టుడబ్బాల పద్ధతి ప్రవేశపెట్టడంలో ఆయన పాత్ర ఉంది. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసి, తర్వాత ఆఫీసుకు వెళ్ళేవాడు. ఉద్యోగరీత్యా రైళ్ళలో తిరగాల్సి వస్తే ఒళ్ళో పలక లాంటి బల్ల పెట్టుకుని పెన్సిల్‌తో రాసేవాడు. మొత్తం 47 నవలలు. ఆయన వేగం మనకు అక్కర్లేదు. ఒక వేళకు కట్టుబడటం నేర్చుకుంటే చాలు.

ఒక ఊపులో రాసేవాళ్ళూ ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ను 29 రోజుల్లో చెప్పి రాయించారని తెలుగునాట ప్రసిద్ధి. అమెరికాలో 1999లో కొందరు మిత్రులు ఒక ఆట మొదలుపెట్టారు. నెల రోజుల్లో 50,000 పదాల నవల రాయాలి. తర్వాత అది ప్రపంచమంతా పాకి, చాలా ఏళ్ళపాటు ఏటా నవంబరులో లక్షలమంది రాసే వేడుకగా సాగింది. రోజుకు సుమారు 1,667 పదాలు. భయం పోగొట్టుకోవడానికి ఇది మంచిదే. కానీ నెల రోజులు ఇల్లు పట్టకుండా రాసి, తర్వాత పదకొండు నెలలు కలం ముట్టకపోతే పని ముందుకు సాగదు. విశ్వనాథవారి ఊపు వెనక ఏళ్ళ తరబడి చదివిన చదువు, మనసులో నడిపిన కథ ఉన్నాయి. ఆ భాగం మనం చూడం, రోజుల లెక్కే చూస్తాం.

రాయబోయే నవల పరిమాణం కూడా మన జీవితానికి తగ్గట్టు ఎంచుకోవాలి. మొదటిసారి రాసేవారు మూడు తరాల చరిత్ర ఎత్తుకుంటారు. ఉద్యోగస్థుడికి అది తలకు మించిన పని. అంపశయ్య నవీన్ 'అంపశయ్య'లో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితంలోని ఒక్క రోజును తీసుకున్నారు. కేశవరెడ్డి ఒక్క రాత్రిని తీసుకున్నారని ఇందాక చెప్పుకున్నాం. కాలం తక్కువైతే రచయిత గుర్తుంచుకోవలసిన వివరాలు తగ్గుతాయి. లోతుకు దిగడానికి వీలవుతుంది. ఒక పెళ్ళి రోజు, ఒక వరద రాత్రి, ఒక ఎన్నికల వారం, ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు పడిగాపులు పడిన మూడు రోజులు. ఇవన్నీ నవలలే.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం.

ఇందాక చెప్పిన ట్రాలప్ రైల్లో పెన్సిల్‌తో రాసిన పేజీలను శుభ్రమైన ప్రతిగా తిరగరాసింది ఆయన భార్య. ఆయనకు తెల్లవారుజామున లేచే అలవాటు ఊరికే రాలేదు. తల్లి ఫ్రాన్సిస్ ట్రాలప్‌ను చూశాడు. ఆమె యాభై దాటాక రచన మొదలుపెట్టింది. సంసారం అప్పుల్లో ఉంది. భర్త, పిల్లలు జబ్బుతో మంచాన ఉన్నారు. ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఇల్లు మేలుకునేలోపు రాత ముగించేది. తర్వాత రోగులకు సేవ. ఆ పుస్తకాల డబ్బుతోనే ఇల్లు నడిచింది. ఆమె ఓపికకు చేతులెత్తి నమస్కరించాలి. అయితే ఈ కాలంలో ఏ ఆడమనిషీ రాయడం కోసం నిద్రను అంతగా కోసుకోవాల్సిన అవసరం రాకూడదని కూడా అనుకోవాలి.

మన ఇళ్ళలో మగవాడు రాస్తానంటే "నాన్నగారు రాసుకుంటున్నారు, అల్లరి చేయకండి" అని పిల్లల్ని బయటికి పంపుతారు. ఆడమనిషి రాస్తుంటే, ఆ గదిలోకే వచ్చి "అమ్మా, నా సాక్సులేవి?" అంటారు. 1960ల నుంచి తెలుగు వారపత్రికలను, మాసపత్రికలను నిలబెట్టిన సీరియల్ నవలల్లో ఎన్నో స్త్రీలు రాసినవే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' కోసం పాఠకులు ఎదురుచూసిన రోజులవి. మాలతీ చందూర్ ఒకవైపు 'ప్రమదావనం' శీర్షికలో పాఠకులకు దశాబ్దాలపాటు జవాబులు చెబుతూ, ఇంకోవైపు 'హృదయనేత్రి' వంటి నవలలు రాసి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. అలా ఇంటి పని నడుమ కలం పట్టి రాసిన స్త్రీలకు దక్కిన గంట ఎంత ఖరీదైనదో ఊహించండి.

అందుకని రాసేవారికి నా విన్నపం. మీ రాత వేళను ఇంట్లో అందరితో కూర్చుని నిర్ణయించుకోండి. ఆ గంటలో మీరు చేయాల్సిన పని ఎవరి మీద పడుతోందో అడగండి. వాళ్ళకూ రోజులో ఒక గంట మీరు చూసిపెట్టండి. అమ్మ రాస్తుంటే వంట నాన్న చేయాలి. పిల్లవాడి హోమ్‌వర్క్ ఆ వేళకు ఇంకొకరు పట్టాలి. ఒకరి నవల కోసం ఇంకొకరి బతుకు అరిగిపోతే, ఆ నవలలో కరుణ గురించి రాసిన పేజీలకు విలువేముంది?

డాక్టర్ పి. శ్రీదేవిని ఇక్కడ తలుచుకోవాలి. వైద్యవిద్య చదివిన మనిషి. 1957, 58 సంవత్సరాల్లో ఆమె నవల 'కాలాతీత వ్యక్తులు' 'తెలుగు స్వతంత్ర' పత్రికలో వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, తన నిర్ణయాలు తానే తీసుకునే ఇందిరను తెలుగు పాఠకుల ముందు నిలబెట్టింది. 1961లో శ్రీదేవి చిన్న వయసులోనే కన్నుమూశారు. రాసిన నవల అదొక్కటే. ఆ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాతా ఇందిర గురించి వాదించుకుంటూనే ఉన్నాం. వైద్యం కుదుటపడ్డాక రాద్దామని ఆమె ఆగి ఉంటే మనకు ఇందిర ఉండేది కాదు. ఒక్క నవల చాలదా? ఎన్ని రాశామన్న లెక్క పెట్టుకుని రెండేళ్ళకొక పుస్తకం తేవాలని పరుగెత్తేవారు ఆమెను గుర్తుంచుకుంటే మనసు నెమ్మదిస్తుంది.

నవలతో పాటు మనకు వేరే లక్ష్యాలూ ఉంటాయి. గ్రూప్స్ పరీక్ష రాయాలి. ఇంటి అప్పు తీర్చాలి. చక్కెర జబ్బు అదుపులోకి రావాలంటే రోజూ నడవాలి. అమ్మాయికి ఇంటర్ పరీక్షలు. ముసలి తల్లిదండ్రుల బాగోగులు. వీటన్నిటినీ ఒకే ఏడాది, ఒకే గంటలో ఇరికిస్తే అన్నీ చెడతాయి. పరీక్షకు చదివే నెలల్లో నవలకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో కొత్తగా రాయకండి. పాత్ర గురించి ఒక సంగతి, విన్న ఒక సామెత, గుర్తొచ్చిన ఒక వాసన, ఇలాంటివి నోటుపుస్తకంలో వేసుకోండి. ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉంటే అదీ మానేయండి. మనుషుల తర్వాతే నవల. సంబంధం తెగకూడదన్నాను కదా అంటారేమో. ఆ దుఃఖం, ఆ వరండాలో కూర్చున్న రాత్రులు మిమ్మల్ని కథకు దూరం చేయవు. కలం పట్టకపోయినా ఆ రోజుల్లో రచయిత లోపల పని జరుగుతూనే ఉంటుంది.

నడక మాత్రం మానకండి. నడుస్తున్నప్పుడు ముడిపడ్డ కథ విప్పుకోవడం చాలామంది రచయితలకు అనుభవం. ఇప్పుడు జేబులో ఫోను ఉంది. తోచిన మాటను ఆగి నాలుగు ముక్కల్లో చెప్పి రికార్డు చేసుకోవచ్చు. తెలుగులో చెబితే తెలుగులోనే అక్షరాలుగా మార్చే సౌకర్యమూ వచ్చింది. అయితే అదే ఫోను మన అరగంటను తీసుకుపోగలదు కూడా. రాసే వేళకు దాన్ని పక్కగదిలో పెట్టడం మంచిది.

ఇంకో రెండు చిన్న పద్ధతులు. మొదటిది, రాత ఆపేటప్పుడు, తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోట ఆపండి. అంతా ఖాళీ చేసి లేవకండి. అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే పాటించిన పద్ధతి ఇది. మర్నాడు ఆఫీసు అలసటతో కూర్చున్నా మొదటి వాక్యం చేతిలో ఉంటుంది. రెండోది, మొదటి రాత పూర్తయ్యేదాకా వెనక్కి వెళ్ళి దిద్దకండి. దిద్దుబాటుకు ప్రశాంతమైన పెద్ద సమయం కావాలి. దానికి సంక్రాంతి సెలవులో, వేసవి సెలవులో వాడుకోవచ్చు. రోజువారీ అరగంట కొత్త పేజీదే.

గడువు కూడా మేలు చేస్తుంది. పూర్వం వారపత్రిక సీరియల్ ఆ గడువు పెట్టేది. వారం తిరిగేసరికి సంపాదకుడి చేతికి అధ్యాయం అందాలి. ఇప్పుడు ఆ సీరియళ్ళు బాగా తగ్గాయి. వాటి చోటును కొంతవరకు నవలల పోటీలు పూరిస్తున్నాయి. కడప జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. కరువులో గొర్రెల మందతో నల్లమలకు వెళ్ళిన కాపరుల జీవితం అది. తర్వాత సినిమాగానూ వచ్చింది. బడిలో పాఠం చెబుతూ ఒక మనిషి తన చుట్టూ ఉన్న పల్లెను వదలకుండా రాసిన నవల అది. పోటీ లేనప్పుడు ఒక మంచి పాఠకుడిని చూసుకోండి. నెలకోసారి ఒక అధ్యాయం చదివి వినిపిస్తానని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట మనల్ని కూర్చోబెడుతుంది.

చివరిగా ఒక్క మాట. తీరిక ఉన్నవాళ్ళే నవలలు రాస్తే మన సాహిత్యంలో తీరిక ఉన్నవాళ్ళ జీవితాలే మిగులుతాయి. ఆశా కార్యకర్త ఎండలో తిరిగే ఇరవై ఇళ్ళ కథ ఎవరు రాయాలి? రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారి క్యాబ్‌లో ఇంటికి వచ్చే అమ్మాయి కథ, కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్ కథ, గల్ఫ్ క్యాంపులో ఎనిమిదిమంది ఉన్న గదిలో తెలుగు పాట పెట్టుకునే కరీంనగర్ కుర్రాడి కథ ఎవరు రాయాలి? బయటినుంచి చూసి రాసేవాళ్ళు కొంత రాయగలరు. ఆ పనిలో చేతులు కాయలు కాసినవాళ్ళకే తెలిసిన సంగతులు మాత్రం వాళ్ళే రాయాలి. మీ పని మీ నవలకు అడ్డం అనుకోకండి. మీరే రాయాలనడానికి కారణమే ఆ పని.

రేపటి నుంచి ఒక అరగంట ఎంచుకోండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. మొదటి రోజు మీ కథ జరిగే చోటు, అక్కడికి మొదట అడుగుపెట్టే మనిషి, ఆ మనిషికి ఆ పూట ఉన్న ఇబ్బంది, ఈ మూడూ రాయండి. రెండో రోజు ఆ మనిషి చేత నోరు విప్పించండి. ఏడాది తిరిగేలోపు మీ చేతిలో రాతప్రతి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.